మామా కబీర బండికి ఆయిల్ పైపు

ఆ రోజుల్ల మా ఊర్ల ఖతర్ అంటె ఎవలకు ఎరుక లేకుండె. మస్కట్‌కు పోయినోడు దుబాయ్‌కి పోయినట్టే, కువైట్‌కు పోయినోడు దుబాయ్‌కి పోయినట్టే. నేను విమానం దిగి, అల్ వక్రాల ఒక అరబ్బుల ఇంట్ల పనికి కుదురుకొని, నన్ను గన్న మా అవ్వకు ఫోన్ చేసి "అవ్వా, ఖతర్‌ల దిగిన" అంటె, "నడుమల ఎందుకు దిగినవే, దుబాయ్‌దాక టికెట్ తీస్కోలేదా?" అన్నది. ఆమె లెక్కల నేను ఇప్పటికి దుబాయ్‌లనే ఉన్న. నాకప్పుడు పాస్‌పోర్టు లెక్కన ముప్పై ఒకటి, మా అవ్వ లెక్కన ఇరువై ఆరు. (ఏది నిజమో దేవునికే తెల్వాలె, నేను పుట్టిన్నాడు మా ఇంట్ల క్యాలెండర్ లేదు.) మా ఆయన ట్రాక్టర్ బోల్తపడి పోయి రెండేండ్లాయె. బిడ్డను అవ్వ దగ్గర ఇడిచిపెట్టి వచ్చిన. గదే బిడ్డ ఇప్పుడు నేను ఫోన్ల చెప్తుంటె రాస్తున్నది, నడుమ నడుమ "అమ్మా, గట్ల అనరే" అని దిద్దవోతున్నది. దిద్దకు, నేను అన్నది అన్నట్టు రాయి అన్న. నాకు నా పేరు రాసుడొస్తది, బస్సు మీద ఊరి పేరు చదువుడొస్తది. మిగిలినదంత నోటి లెక్కనే.

ఒక్క మాట ముందుగాల చెప్పాలె, లేకుంటె తర్వాత జరిగింది మీకు సమజ్ గాదు. మా దిక్కు మొగడు పోయిన ఆడిది శుభం కాడ ఎదురుంగ నిలవడదు. ఎవలు తిట్టరు, కొట్టరు, అంత మంచిగనే చెప్తరు. మా మరిది కొత్త మోటరుసైకిల్ తెచ్చిన్నాడు మా అత్త నా ఈపు మీద చెయ్యేసి మరీ అన్నది, "నువ్వు జెర లోపటికి పో బిడ్డా, బండి చాలు జేస్తున్నరు" అని. నేను లోపటికి పోయి, తలుపు దగ్గరికేసుకొని, పప్పుల రాళ్లు ఏరుకుంట కూసున్న. బండి చప్పుడు దూరమైనంక బయటికొచ్చిన. అట్ల రెండేండ్లు గడిచేటాళ్లకు ఎవలు చెప్పే అవసరమే లేకపాయె. ఎక్కడన్న కొబ్బరికాయ కనవడ్డదంటె నా కాళ్లు వాటంతటవే లోపటి దిక్కు నడుస్తుండె, పొద్దుగూకంగనె బర్రె కొట్టంల దిక్కు మర్లినట్టు.

ఇగ అల్ వక్రా ఇంటి సంగతి. ఇంటి యజమానిని బాబా అనాలె, ఆయన పెండ్లాన్ని మామా అనాలె. బాబా కన్నతల్లి ఇంకో ఆమె ఉండె, పెద్దామె, ఆమెను మామా కబీర అనాలె. బాబా పొద్దుగాల పోతె రాత్రికి వచ్చేటోడు, ఆయనతోని నాకు బాధ లేదు, సుఖం లేదు. బాధంత మామాతోని. నేను పోయిన మొదటి నెలల్నే సుట్టాలొచ్చిన్రు, గావా పెట్టు అన్నది. అరబ్బుల కాఫీని గావా అంటరు. పచ్చగ, పల్చగ, చేదుగ ఉంటది, పాలు లేవు, చక్కెర లేదు. అయ్యో, ఇంటికొచ్చినోళ్లకు గింత అన్యాలమా, పాలైపోయినట్టున్నయి, చెప్పుకోలేక ఊరుకున్నరేమో అని నేనే జాలిపడి, ఫ్రిజ్‌ల ఉన్న పాలన్ని పోసి, చక్కెర దట్టించి, బుడగలొచ్చేదాక మరగబెట్టి ఇచ్చిన. మొదటి గుక్క తాగిన ఆడామె నా మొఖం చూసింది, మామా మొఖం చూసింది, కప్పును మెల్లగ కింద పెట్టింది. ఆ తర్వాత ఒకనాడు ఇస్తిరిపెట్టెతోని బాబా తెల్లంగీ మీద ముద్రేసిన. ఇంకోనాడు అత్తరు సీసను ఫినాయిల్ అనుకొని బాత్రూం కడిగిన. (బాత్రూం వారం రోజులు పెండ్లిపందిరి లెక్క వాసనొచ్చింది.) మామా నన్ను చూసినప్పుడల్ల చెయ్యి ఊపి "మాఫీ ఫాయిదా" అనేది, ఏం లాభం లేదు అని.

మమ్ములను తెచ్చి పెట్టిన ఆఫీసోళ్లతోని ఇంటోళ్లకు ఒక మాట ఉంటది. కొన్నొద్దులు చూస్తరు, నచ్చకపోతె వాపస్. దుకాన్ల సీర తిరిగిచ్చినట్టు. మామా గా ఆఫీసుకు ఫోన్ చేసి, శుక్రవారం నమాజ్ అయినంక వచ్చి తీస్కపొమ్మన్నది. నాకు ఆ సంగతి డ్రైవరన్న చెప్పిండు. ఆఫీసోళ్లు ఇంకో ఇంట్ల పెడితె పెట్టినట్టు, లేకుంటె విమానం ఎక్కిస్తరు. ఊర్ల ఏమంటరో నాకు ముందే వినవడుతుండె: "మొగణ్ణి నిలుపుకోలే, నౌకరి నిలుపుకోలే, పోయిన పెట్టె పోయినట్టే మల్లొచ్చింది." నా బిడ్డ గీ మాట విని పెరగాలె. గదే నా రంధి. పెట్టె సర్దుకోమన్నరు, సర్దుకున్న. ఇగ ఏం జేస్తె ఉంచుకుంటరో తెల్వక, చెప్పని పని సుత చేసుకుంట తిరుగుతున్న, తుడిచిన గిన్నెనే మల్ల తుడుసుకుంట.

గీ డ్రైవరన్న గోదారి జిల్లాలాయన, క్రిస్టియన్. మనిషి మంచోడు, పొట్ట పెద్దది, నోరు ఇంకా పెద్దది. నన్ను చెల్లెమ్మా అనేటోడు. ఆయన తెలుగు నాకు రేడియోల వార్తల లెక్క వినవడేది, నా తెలుగు ఆయనకు పోట్లాట లెక్క వినవడేదట. నాకు అరబ్బీ రాదు, హిందీ సగం సగం వచ్చు, కాబట్టి ఇంట్లోళ్ల మాట నాకు, నా మాట ఇంట్లోళ్లకు ఆయనే చేరవేసేటోడు. వాళ్లు మూడు ముక్కలు చెప్తె ఈయన పావుగంట చెప్పేటోడు, అందుల రెండు ముచ్చట్లు ఆయన సొంతం.

అగో, గా శుక్రవారానికి ముందు రోజు, బేస్తారం, నా కథ తిరిగింది. ఇంటి ముందల రేకుల కింద ఒక పాత జీపు బండి ఉండేది. మామా కబీర పెనిమిటిది. ఆయన బతికినన్నొద్దులు చలికాలం రాంగనే దాన్ల ఈమెను ఎక్కించుకొని ఇసుక దిబ్బల మీదికి పోయేటోడట. ఇప్పుడు గా ఇంజన్ ముసలిదైంది, సగం దిబ్బ ఎక్కి దగ్గుకుంట కిందికి జారుతది. కొడుకు కొత్త బండ్ల తీస్కపోతా అంటె పెద్దామె ఒప్పుకోదు, "అద్దాలు మూసి, చల్లగాలి పెట్టి, ఇసుకను టీవీల చూపినట్టు చూపిస్తరు" అని కసురుకునేది. ఇంటి పెద్దబిడ్డ ఇంజన్ల చదువు చదువుతుండె. నాయినమ్మ అంటె పాణం. "యుమ్మా, నీ బండికి నేను టర్బో పెడత, పెద్దదిబ్బ ఎక్కిస్త" అని మాటిచ్చింది. మెకానిక్ షెడ్డుకు పంపకుండ తానే పెడతా అని పట్టు. చేతులకు రబ్బరు తొడుగులు, తల మీద చున్నీ, చున్నీ మీద టార్చి లైటు. నేను, గోదారన్న మా లోపల మేం ఆ పిల్లను మేస్త్రమ్మ అనుకునేది.

టర్బో అంటె నాకేం తెలుసు? చూస్తె నత్తగుల్ల లెక్క ఉంటది, లోపట పంక. ఇంజన్ ఇడిసిన పొగ దాన్ని గిర్రున తిప్పుతది, అది ఇంజన్‌లకు గాలి ఊదుతది, మనం ఊదుగొట్టంతోని పొయ్యి ఊదినట్టు. ఊదినకొద్ది మంట ఎక్కువ, మంట ఎక్కువైనకొద్ది జోరు ఎక్కువ. గని గా పంక తిరిగే జోరుకు దానికి ఆయిల్ ఆగకుండ అందాలె. ఆయిల్ లేకుండ తిరిగిందా, సూస్తుండంగనె మాడిపోతది. ఆ ఆయిల్ తేవడానికి ఇనుప జాలి అల్లిన సన్నపైపు ఒకటి, ఇంజన్‌కు ఇటు పక్కనుంచి అటు పక్కకు పోవాలె. మిగిలిన పనంత అయిపోయింది, గీ సన్నపైపు కాడనే ఇద్దరికి పంచాయితి.

గోదారన్న పైపును దగ్గరదారిన గుంజి పెట్టిండు. మేస్త్రమ్మ చూసి తల పట్టుకున్నది. పొగ గొట్టాల పక్కనుంచి పోయింది, అవి ఎర్రగ కాలుతయి, పైపుల ఆయిల్ ఉడుకుతది. ఆమె అరబ్బీల అన్నది ఆయన నాకు తర్వాత చెప్పిండు, "గ్యాసు పొయ్యి రబ్బరు గొట్టాన్ని బర్నర్ మీంచి ఎవరైనా వేస్తారా అందమ్మా, నాతో! ఇరవై ఏళ్ళ సర్వీసు నాది!" రెండోసారి ఆయన పైపును స్టీరింగు కాడికెళ్లి తిప్పిండు. చక్రం తిప్పినప్పుడల్ల రాసుకొని తెగుతది అని అది సుత తీయించింది. మిగిలింది ఒక్కటే తొవ్వ, ఇంజన్ ఎనుక, ఇంజన్‌కు బండి గోడకు నడుమ ఉన్న సందుల నుంచి. చల్లగుంటది, దేనికి రాసుకోదు. గని ఆ సందుల మేస్త్రమ్మ చెయ్యి మోచెయ్యి కాడ ఆగింది, గోదారన్న చెయ్యి మణికట్టు కాడనే ఆగింది. ఇంజన్ మొత్తం కిందికి దించాలె అని ఆమె, దించితె రేపటికి కాదు అని ఈయన. అవుతల కుర్చీల కూసున్న మామా కబీర జపమాల లెక్క తస్బీ పూసలు తిప్పుకుంట, "రేపే పోవాలె. నాకు రేపు ఎల్లుండి చెప్పే వయసు లేదు" అన్నది.

గప్పుడు నేను చాయ్ తీస్కపోయిన. గోదారన్న చాయ్ ఇడిచిపెట్టి నా చెయ్యి చూసిండు. "చెల్లెమ్మా, నీ చెయ్యి ఇలా చూపించు."

"ఏమైంది అన్నా, గ్లాసు కడగలేదా?"

"గ్లాసు కాదమ్మా, చెయ్యి, చెయ్యి!" నా ముంజెయ్యిని గాజులమ్మేటోని లెక్క అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "సరిపోద్ది! సన్నగా వెదురు బద్దలా ఉంది, గాజులు కూడా లేవు అడ్డం పడ్డానికి..." అని, ఠక్కున నాలుక కరుచుకున్నడు.

"నాలుక ఎందుకు కరుసుకుంటవన్నా? గాజులు తీసి రెండేండ్లాయె, ఇన్నొద్దులకు ఒక లాభమొచ్చింది, పెట్టనియ్యి" అన్న. ఆయన నవ్వాల్నా వద్దా అని చూసిండు. నేను నవ్వినంక నవ్విండు.

నన్ను స్టూల్ మీద ఎక్కించిన్రు. కొంగు నడుముకు చుట్టుకొని చెయ్యి సందుల పెట్టిన, సంకదాక పోయింది. ఏమీ కనవడదు. నేను చిన్నప్పటి సంది బీడీలు చేసినదాన్ని, టీవీ చూసుకుంట, పక్కింటామెతోని లొల్లి పెట్టుకుంట వేళ్లతోని ఆకు మడిచి దారం చుట్టినదాన్ని, కండ్లు లేకున్న నా వేళ్లకు తొవ్వ దొరుకుతది. మేస్త్రమ్మ టార్చి పట్టి "షువయ్య షువయ్య" అంటది, మెల్లగ మెల్లగ అని. గోదారన్న "పైకమ్మా, పైకి, అబ్బ పైకంటే కిందకి తోస్తావేంటి" అంటడు. నేను తోసిన. తోసిన. అవుతల పక్క గోదారన్న "దొరికింది, దొరికింది!" అని గట్టిగ గుంజిండు. ఆయన గుంజింది ఇంకేదో నల్లతీగ. హారన్ బయ్యిమని మొత్తుకున్నది, మామా కబీర తస్బీ కింద పడ్డది. పైపేమో ముందటి లైటు కాడ, బొక్కలకెళ్లి ఎలుక తొంగి చూసినట్టు, మూతి బయట పెట్టి చూస్తున్నది.

మల్ల గుంజి, మల్ల తోసిన. గీసారి సగం తొవ్వల ఉండంగ మామా బయటికొచ్చింది. వంట కాలే, పనిమనిషి ఇంజన్‌ల ఉన్నది. నడుము మీద చెయ్యేసుకొని నన్ను చూసి, "రేపు ఆఫీసు మనిషి వస్తడు. పెట్టె సర్దుకున్నవా?" అన్నది. నా చెయ్యి సంకదాక లోపట ఇరికి ఉన్నది, చెంప బండికి ఆని ఉన్నది, తల తిప్పరాదు. గట్లనే బండికి చెప్పినట్టు, "సర్దుకున్న మామా" అన్న. మామా కబీర కోడలిని ఒకసారి చూసి, కింద పడ్డ తస్బీ తీసుకున్నది. మామా లోపటికి పోయింది. నా కండ్లల్ల నీళ్లొచ్చినయి, తుడుసుకుందామంటె ఒక చెయ్యి ఇంజన్‌ల, ఇంకో చెయ్యి నిండ మడ్డి. గా మడ్డి చేతితోనే తుడుసుకున్న. గప్పుడే అవుతల పక్క మేస్త్రమ్మ మెల్లగ అన్నది, "వచ్చింది." పైపు సరిగ్గ టర్బో మూతి కాడికి పోయి నిలవడ్డది, యాడ మడత లేదు, దేనికి రాసుకుంట లేదు. మేస్త్రమ్మ నా మొఖం చూసి "గుడ్, గుడ్" అనుకుంట నవ్వింది. గుడ్ అన్నందుకు నవ్విందనుకున్న. కండ్ల చుట్టు నల్లగ పూసుకొని ఎలుగుబంటి లెక్క ఉన్నందుకని తర్వాత అద్దంల చూసుకుంటె తెలిసింది.

తెల్లారి శుక్రవారం. పొద్దుగాలనే బండి చాలు చేయాలె. మామా నాకు ఆఖరి పని ఒకటి చెప్పింది, సుట్టాలు కూసునే బైఠక్‌ల దిండ్లు, మీగడ రంగు దిండ్లు, బయటేసి ఎండకు పెట్టుమని. ఎండ మంచిగ పడేది రేకుల పక్కనే, అక్కడ పరిచిన. ఇగ మేస్త్రమ్మ నాకు పని చెప్పింది, గోదారన్న విడమర్చిండు: "చూడమ్మా, ఆ పైపు కొస ఇంకా టర్బోకి బిగించలేదు. ముందు పెట్రోలు రాకుండా ఆపి, తాళం తిప్పి ఇంజను ఊరికే తిప్పుతాం. ఆయిలు ఈ కొసదాకా వస్తుందో లేదో చూడాలి. నువ్వు కొస పట్టుకుని ఈ సీసాలో పెట్టి ఉంచు. ఆయిలు రాగానే 'బస్' అను, ఆపేస్తాం. ఆ తర్వాత వేళ్ళతో బిగిద్దువుగాని. అందాకా వదలకు. ప్రాణం పోయినా వదలకు." వదలను అన్న. నాకు అర్థమైంది, మొత్తం అర్థమైంది.

తాళం తిప్పేది మామా కబీర అట. నా మొగని బండి, నేనే తిప్పుత అన్నది. కొత్త బుర్ఖా ఏసుకొని, అత్తరు పూసుకొని, చేతులకు మైదాకు పెట్టుకొని, మోచేతిదాక బంగారు గాజులేసుకొని, పెండ్లికి పోయినట్టు వచ్చి డ్రైవరు సీట్ల కూసున్నది. నేను స్టూల్ ఎక్కి పైపు పట్టుకున్న. అంత మంచిగనే ఉన్నది. గప్పుడు గోదారన్న టోపీ తీసి, "ఒక్క నిమిషమండి, ప్రార్థన చేసుకుందాం. కొత్తగా మొదలెడుతున్నాం కదా, శుభమా అంటూ" అన్నడు.

శుభం అన్న మాట నా చెవుల పడ్డది. బండి. తాళం. అందరు నిలవడ్డరు. ఇగ నేనేం ఆలోచించలే. గోదారన్న కండ్లు మూసిండు, మేస్త్రమ్మ మర్యాదకు తల వంచింది, నేను పైపును మెల్లగ ఇంజన్ మీద పండబెట్టి, స్టూల్ దిగి, చెప్పులు చేతుల పట్టుకొని వంటింట్లకు పోయి, తలుపు దగ్గరికేసుకొని, తలుపు ఎనుక నిలవడ్డ. మంచిపనే చేసిన అనుకున్న. ఆ పెద్దామె ఎంత ఆశతోని వచ్చింది, నా మొఖం చూసి తాళం తిప్పుతె బండి యాడ బోల్తపడతదో అని. పప్పు దొరకలే, అందుబాట్ల ఖర్జూరపండ్లు ఉంటె అవి ఏరుకుంట నిలవడ్డ.

గోదారన్న ప్రార్థన పొడుగు. బండికి చేసిండు, ఇంజన్‌కు చేసిండు, నాలుగు చక్రాలకు విడివిడిగ చేసిండు, ఖతర్ దేశానికి, భీమవరంల ఉన్న ఆయన మేనత్త మోకాలి నొప్పికి సుత చేసిండు. మామా కబీరకు ఓపిక అయిపోయింది. "బిస్మిల్లా" అని తాళం తిప్పింది. పెట్రోలు ఆపిన్రు గని, గొట్టంల మిగిలిన పెట్రోలు ఉంటది సూడు, దానికే ఇంజన్ భగ్గున లేచింది. పైపు పట్టుకున్నోళ్లు లేరు. తల ఎత్తిన పాము లెక్క లేచి, గోదారన్న 'ఆమేన్' అనకముందే, మూసిన కండ్ల మీద, తెరిచిన నోట్లె, ఇంత ఆయిల్ కక్కింది. అక్కడికెళ్లి మర్లి మీగడ రంగు దిండ్ల మీద ఒక గీత గీసింది, మల్ల ఒక గీత. ఇంజన్ దగ్గి ఆగిపోయింది. నాకు లోపట ఇంజన్ చప్పుడు, దాని ఎంబడి గోదారన్న కేక వినవడ్డయి. "నూనె! ప్రభువా, నూనె!" పూనకమొచ్చిందేమో అనుకున్న. గప్పుడు నా చేతుల దిక్కు చూసుకున్న. ఖర్జూరపండ్లున్నయి. పైపు లేదు.

బయటికురికిన. గోదారన్న నెత్తి నుంచి ఆయిల్ కారుతుంటె రెప్పలు కొట్టుకుంట నిలవడ్డడు. మేస్త్రమ్మ టర్బోల చెయ్యి పెట్టి పంకను వేలుతోని తిప్పి చూస్తున్నది, మొఖం తెల్లగ పాలిపోయింది. ముందే దాన్ల చేతితోని ఆయిల్ పోసి ఉంచిందట, అది కాపాడింది, పంక మంచిగనే తిరిగింది. గప్పుడు నా దిక్కు మర్లి, "యాడికి పోయినవ్? ఎందుకు పోయినవ్?" అన్నది. నాకు ఏ భాషల చెప్పాలె? తెలుగుల చెప్పిన. గోదారన్న మూతి తుడుచుకుంట మామా కబీరకు చెప్పిండు, మొగుడు పోయిన ఆడది శుభకార్యం మొదలెట్టేప్పుడు ఎదురు ఉండకూడదని వాళ్ళ పద్ధతి అని. ఎప్పుడు లేంది, ఒక్క ముక్క కలపకుండ చెప్పిండు.

పెద్దామె బండ్లకెళ్లి తల బయట పెట్టింది. "ఎవల మొగడు పోయిండు?"

"ఈమె మొగుడండి."

"ఈమె చంపిందా?"

"అయ్యో లేదండి. ట్రాక్టరు మీద పడింది."

"అయితె ట్రాక్టర్ దాక్కోవాలె. ఈమె ఎందుకు దాక్కున్నది?"

గోదారన్న నా దిక్కు చూసిండు, జవాబు చెప్పమ్మా అన్నట్టు. మామా కబీర చెయ్యి బయట పెట్టి తన ఛాతి మీద కొట్టుకున్నది, గాజులు గలగలమన్నయి. "నా మొగడు నా కొడుకు పెండ్లి కాకముందే పోయిండు. ఇంట్ల పుట్టిన పిల్లల చెవుల పేరు పిలిచేది నేను, పెండ్లికూతురు చెయ్యి పట్టుకునేది నేను, ఇప్పుడు తాళం తిప్పింది నేను. నేను పోయి ఏ తలుపు ఎనుక నిలవడాలె, చెప్పు." గోదారన్న చెప్తుంటె నేను ఆమెను కొత్తగ చూసిన. ఇన్నొద్దులు ఆమె కాళ్లు ఒత్తిన, నెత్తికి నూనె పెట్టిన, గని ఆమె సుత మొగడు పోయినామె అన్న సంగతి ఒక్కనాడు నా మనసుకు రాలే. గా మైదాకు, గా బంగారం చూసి, ఆమె పెనిమిటి పోయిండని చెవులతోని విన్నా, నా బుర్ర ఒప్పుకోలే కావచ్చు. "యల్లా, పైపు పట్టుకో. కండ్లు తెరుచుకొని పట్టుకో" అన్నది.

పట్టుకున్న. గోదారన్న గీసారి ప్రార్థన కండ్లు తెరిచి చేసిండు, రెండు ముక్కల్ల. తాళం తిరిగింది, ఇంజన్ ఊరికే గుర్రు గుర్రుమన్నది. ఒక గడియ ఏమీ లేదు, గప్పుడు పైపు నా వేళ్లల్ల ఉబ్బినట్టై, ఆయిల్ సీసలకు దారం లెక్క పడ్డది. "బస్! బస్! బస్!" అని పక్క ఇండ్లోళ్లు గోడల మీదికెళ్లి చూసేటట్టు మొత్తుకున్న. మేస్త్రమ్మ చెప్పినట్టు రాగి బిళ్ల కింద ఒకటి, మీద ఒకటి పెట్టి, చేతితోనే మరలు తిప్పిన, ఆమె పొడుగు పానతోని గట్టిగ చేసింది. ఇగ పెట్రోలు ఇడిసి చాలు చేస్తె బండి లేచింది. గా నత్తగుల్ల సన్నగ ఈల ఏసింది. పెద్దామె స్టీరింగు మీద చెయ్యి పెట్టుకొని కూసున్నది. ముక్కు చీదింది.

గప్పుడు మామా వచ్చింది. దిండ్లు చూసింది. నన్ను చూసింది. "ఎవలు చేసిన్రిది?" అన్నది, జవాబు ఆమెకు తెలిసినట్టే. నేను నోరు తెరిచిన. బండ్లకెళ్లి పెద్దామె అన్నది, "నేను. తాళం నా చేతిల ఉండె. ఏమన్న అంటవా?" అత్త ముందల కోడలు ఏ దేశంల అయినా కోడలే. మామా దిండ్లు తానే ఎత్తుకున్నది. గని మాట తప్పే మనిషి గాదు, నమాజ్ అయినంక ఆఫీసోడు వ్యాన్ తీస్కొని రానే వచ్చిండు. మామా నా పెట్టె బయట పెట్టించింది, వాడు దాన్ని వ్యాన్ల ఏసిండు, నన్ను ఎక్కుమన్నడు. నేను గోదారన్న దిక్కు చూసిన, ఆయన బండి చక్రం దిక్కు చూసిండు.

"ఆగు" అన్నది మామా కబీర. వాణ్ణి దగ్గరికి పిలిచి, "చెయ్యి చూపించు" అన్నది. వాడు బిత్తరపోయి చెయ్యి చాపిండు. మంచిగ తిన్న చెయ్యి, ఉంగరాలు నాలుగు. "ఇసుకల పోంగ పైపు ఊడితె, ఈ చెయ్యి ఆ సందుల పోతదా?" అని మనుమరాలిని అడిగింది. మేస్త్రమ్మ ఇంజన్ దిక్కు చూసి, వాని చెయ్యి చూసి, శానా ఆలోచించినట్టు చేసి, పోదు అన్నది. "నా కోడలు చెయ్యి?" మామా ఉంగరాల చెయ్యిని ఎనుకకు దాచుకున్నది. "ఖలాస్. ఈ పిల్ల ఇంటి పనికి పనికిరాకపోతె రాకపాయె. నాకు పనికొస్తది, నాతోని ఉంటది" అన్నది. మామా ఆఫీసోనితోని పొమ్మని చెయ్యి ఊపింది. నా దిక్కు మర్లి, గోదారన్నతోని ఒక మాట చెప్పించింది: "గావాల మాత్రం పాలు పొయ్యొద్దంట."

నేను ఏడుసుడు, నవ్వుడు అయిపోయేసరికి వ్యాన్ పోయింది, దాన్ల నా పెట్టె సుత పోయింది. వంటి మీది బట్టలేమో ఆయిల్. మామా కబీర తన పాత గౌను ఇచ్చింది, పెద్ద పెద్ద పూలది, నాకు రెండు చుట్లొస్తది, చేతులు మోకాళ్లదాక ఏలాడుతయి. గా గౌన్ల, ఒడిల పానలు పెట్టుకొని, ఎనుక సీట్ల కూసొని సీలైన్ దిక్కు ఇసుకలకు పోయిన. మేస్త్రమ్మ నడిపింది. పెద్దదిబ్బ కింద ఒక్క గడియ ఆపి, ఇగ పట్టుకోండి అని తొక్కింది. నత్తగుల్ల ఈల ఏసింది, ఆకాశం తప్ప ముందల ఏమీ కనవడలే, గోదారన్న మేనత్త మోకాలును మల్ల యాది చేసుకున్నడు, పెద్దామె పిల్ల లెక్క నవ్వింది. ఎక్కినం. పైపు ఊడలే. దిగి వంగి చూసిన, ఒక్క చుక్క కారలే.

ఇదంత అయ్యి శానా ఏండ్లాయె. పెద్దామె లేదు. గోదారన్న ఊరికి పోయి చేపల చెరువు చూసుకుంటున్నడు. మేస్త్రమ్మ రాస్ లఫాన్ గ్యాసు కంపెనీల పెద్ద నౌకరి చేస్తది, ఇద్దరు పిల్లలు. నేను గదే ఇంట్ల ఉన్న, మామాకు ఇప్పుడు నేను పెట్టిందే గావా. ఆనాడు దిబ్బ మీద మేస్త్రమ్మ ఫోన్ల తీసిన ఫొటో ఒకటి మొన్న నా బిడ్డకు పంపింది. బిడ్డ చూసి, "అమ్మా, ఎవలే గీ పూల గౌను జోకరు?" అన్నది. నేనే. ఎనుక ఎంత దూరమైనా ఇసుక, ఒక కొసకు సముద్రం, పక్కన బండి, బండి కిటికీలకెళ్లి పెద్దామె గాజుల చెయ్యి. గంత ఎత్తుల, గంత గాలిల నిలవడి, గా పిల్ల మొఖం ముడుచుకొని ఎటో చూస్తున్నది. ఏమాలోచిస్తున్నదో నాకు ఎరుకే. వ్యాన్ల పోయిన పెట్టె మల్ల వస్తదా రాదా అని. నౌకరి నిలిచింది, దిబ్బ ఎక్కింది, పిచ్చిదానికి పెట్టె రంధి. పెట్టె నాలుగొద్దులకు వచ్చింది గని, దాన్ల ఏముండెనో ఇప్పుడు ఎంత ఆలోచించినా యాదికొస్తలేదు.